ఎత్తిన చెయ్యి

నిచ్చెన మీద ఒక కాలు, రింగు వెనకాల ఇనప కమ్మీ మీద ఇంకో కాలు పెట్టి, అందరూ గడియారం అని పిలిచే మనిషి పాత వలని ఒక్కొక్క కొక్కెం నుంచీ విడదీస్తున్నాడు. అతనికి అసలు పేరు ఒకటుంది గానీ, సంతకం పెట్టాల్సినప్పుడు తప్ప అది ఎవరికీ గుర్తు రాదు. ఆటల హాలు ఊడవటం, బల్బులు మార్చటం, కోర్టు మీద పడిన చెమట తుడవటం, ఇలా బాస్కెట్‌బాల్ రింగులకి వలలు కట్టటం అతని ఉద్యోగం. మ్యాచ్ ఉన్న రోజున మాత్రం కోర్టు పక్కన పొడుగాటి బల్ల వెనక, మధ్య కుర్చీలో కూర్చుని ఆటకి టైము నడుపుతాడు. అందుకే ఆ పేరు. మనిషి పొట్టి. భుజాలు ముందుకి వంగిపోయాయి. మీట నొక్కీ నొక్కీ కుడి బొటనవేలి చివర నున్నగా తేలింది.

పాతది కింద పడేసి కొత్త వల అందుకున్నాడు. తెల్లగా, బిరుసుగా, ఇంకా కొట్టు వాసన పోకుండా ఉంది. వలలు చిరిగిపోయాయి మొర్రో అని ఎంతకాలంగా మొత్తుకున్నా హాలు సెక్రటరీ చెవిన వేసుకోలేదు. ఇవాళ తోడల్లుడి ఆఖరి మ్యాచ్ అనేసరికి ఆగమేఘాల మీద తెప్పించాడు. వలలు కొత్తవి, కోర్టు మీద గీతలకి రంగు కొత్తది, బల్ల మీద గుడ్డ కొత్తది. కుర్చీలు మాత్రం పాతవే. వాటిలో కూర్చునేది ఎవరు గనక? కడుపు మండకేం చేస్తుంది!

తోడల్లుడంటే గడియారం భార్య చెల్లెలి మొగుడు. ఈ హాల్లో పెద్ద రిఫరీ. ఆరడుగుల మనిషి, ఈ వయసులోనూ పొట్ట రాలేదు. ఈల వేశాడంటే ఆడేవాళ్ళూ చూసేవాళ్ళూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాల్సిందే. పేపర్లో ఎన్నోసార్లు ఫోటో పడింది. ఒక ఫోటోలో, అంచున, బల్ల వెనక గడియారం భుజం కూడా పడింది. ఇది నేనే అని భార్యకి చూపిస్తే, ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఎవరిదైతే ఏం లెండి, మా మరిది బాగా పడ్డాడు" అంది. ఇప్పుడా మరిదిని రిఫరీలకి శిక్షణ ఇచ్చే ఉద్యోగం ఇచ్చి పెద్ద ఊరికి పిలిపించుకుంటున్నారు. మ్యాచ్ అయిపోగానే కారెక్కి వెళ్ళిపోతాడు.

ఈ మంట ఇవాళ్టిది కాదు. కుర్రతనంలో ఇద్దరూ ఒకే వర్క్‌షాపులో పనిచేస్తూ, ఆ వర్క్‌షాపు జట్టులోనే ఆడేవాళ్ళు. గడియారానికి అప్పుడే కొత్తగా పెళ్ళయింది. పెద్దల్లుడి ఆట చూద్దామని మామగారు సరదాపడి వచ్చారు. పాపం ఆయనకి ఆటా తెలీదు, చూపూ అంతంతమాత్రమే. ఆఖర్లో రింగుకి తగిలి వెనక్కొచ్చిన బంతి కోసం గడియారమూ, అవతలి జట్టువాడొకడూ ఒక్కసారే ఎగిరారు. ఇతను మీదికొచ్చిన ఊపుకి వాడు బెదిరిపోయి, బంతిని తను కాపాడుకోవాల్సిన బాస్కెట్లోకే తోసేసుకున్నాడు. కావాలని వేసుకుంటే చెల్లదు. పొరపాటున పడితే మాత్రం ఆ రెండు పాయింట్లూ ఎదుటి జట్టువే. మరి ఎవరి పేరున రాయాలి? కోర్టులో ఉన్న కెప్టెన్ పేరున రాయాలని రూలు. ఆ కెప్టెన్ గారు ఆ సమయానికి కోర్టుకి అవతలి కొసన వంగి బూటు లేసు ముడేసుకుంటున్నారు. గెలిపించింది ఎవరని మామగారు అడిగితే, స్కోరు రాసేవాడు తను రాసిన పేరు చదివి వినిపించాడు. పెద్దల్లుడి ఆట చూడటానికి వచ్చినాయన చిన్నల్లుణ్ణి ఖాయం చేసుకుని ఇంటికి వెళ్ళాడు.

అప్పట్నుంచీ అత్తగారింట్లో ఫ్యాను కింద మంచం చిన్నల్లుడిది, కిటికీ లేని గది పెద్దల్లుడిది. అతను వయసులో చిన్నవాడు, "అన్నయ్యా" అని పిలుస్తాడు, ఎదురుపడితే లేచి నిలబడతాడు. అదొకటి మళ్ళీ. తిట్టటానికి కూడా సందివ్వని మంచివాడితో వేగటం ఎంత కష్టమో గడియారానికే తెలుసు.

ఇవాళ పొద్దున భార్య మంచి బట్టలు తీసి ఇస్త్రీ చేసుకుంటుంటే ఎక్కడికని అడిగాడు. చెల్లెలి మొగుడి ఆఖరి ఆట, వెళ్ళకపోతే ఏం బాగుంటుంది అంది. ఇన్నేళ్ళలో ఆవిడ హాలు గడప తొక్కలేదు. నేనూ అక్కడే ఉంటానుగా అనబోయి మింగేశాడు. ఆవిడే గుర్తు తెచ్చుకుని, "మీరెక్కడ కూర్చుంటారో చెప్పండి, కనపడితే చెయ్యూపుతాను" అంది.

కుర్చీ సంగతి మాత్రం ఆవిడకి చెప్పలేదు. పోయిన సీజన్లో ఒక మ్యాచ్‌లో ఈల వినపడ్డాక టైము ఆపటం ఆలస్యమైంది. సెక్రటరీ నలుగురిలోనూ నిలబెట్టి కడిగేశాడు. ఇంకొక్క పొరపాటు జరిగిందా, ఆ కుర్చీలో వేరేవాణ్ణి కూర్చోబెడతాను, నువ్వు చీపురు పట్టుకో అన్నాడు. అప్పట్నుంచీ కుర్చీలో కూర్చున్నంతసేపూ గడియారానికి ముళ్ళ మీద ఉన్నట్టే ఉంటుంది. చీపురంటే చిన్నతనమని కాదు. రోజూ పట్టుకునేదే. కానీ ఆ కుర్చీ లేకపోతే మనుషులు తనని ఏమని పిలుస్తారు?

సాయంత్రానికి హాలు నిండిపోయింది. ఎర్ర జట్టుకీ నీలం జట్టుకీ మ్యాచ్. గడియారానికి ఎడం పక్కన స్కోరు రాసే టీచరమ్మ కూర్చుంది. ఎదురుగా మొదటి వరసలో భార్యా, మరదలూ. భార్య చెయ్యూపింది. అతను సంబరంగా చెయ్యెత్తబోయేసరికి, తన వెనక నుంచి వస్తున్న తోడల్లుడికి ఆవిడ ఊపుతోందని అర్థమైంది. ఎత్తిన చేత్తో తల గోక్కున్నాడు.

ఆట మధ్యలో బంతి రింగుకీ బోర్డుకీ మధ్య ఇరుక్కుపోయింది. అలాంటప్పుడు బంతి ఎవరికివ్వాలో తోచినట్టు తేల్చకూడదు. బల్ల మీద ఎర్ర బాణం ఒకటి ఉంటుంది, అది ఎటు చూపిస్తే వాళ్ళకివ్వాలి. తోడల్లుడు రెండు బొటనవేళ్ళూ పైకెత్తి, బాణం వైపు చూసి, నీలం జట్టుకని చెయ్యి చాచాడు. ఏం ఠీవి అని వెనకెవరో మెచ్చుకున్నారు. పొడుగు కర్ర తెచ్చి, మునివేళ్ళ మీద లేచి, పొడిచి పొడిచి బంతిని కింద పడేసింది గడియారం. చప్పట్లు మాత్రం తోడల్లుడికి.

బంతిని గీత బయట నుంచి లోపలికి విసిరేటప్పుడు టైము ఆగి ఉంటుంది. విసిరేవాడి పక్కన రిఫరీ చెయ్యి పైకెత్తి నిలబడతాడు. బంతి విసరగానే కాదు, లోపలున్నవాడి చేతికి తగలగానే ఆ చెయ్యి కిందికి దించుతాడు. ఆ చెయ్యి దిగటమూ, బల్ల దగ్గర మీట నొక్కటమూ ఒక్కసారే జరిగిపోవాలి. తోడల్లుడి చెయ్యి ఎప్పుడు దిగుతుందా అని ఎదురుచూడటంతోనే నా బతుకు తెల్లారిపోయింది అని గడియారం లోలోపల గొణుక్కుంటూ ఉంటాడు. కానీ నొక్కటంలో మటుకు తేడా రానిచ్చేవాడు కాదు.

ఆఖరికి ఒక్క సెకను మిగిలింది. ఎర్రజట్టు ఒక్క పాయింటు ముందుంది. బంతి నీలం జట్టుది, బయట నుంచి విసరాలి. తోడల్లుడు చెయ్యి ఎత్తాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది.

గడియారం భార్య వైపు చూశాడు. చూడకుండా ఉండాల్సింది. ఆవిడ లేచి నిలబడి, రెండు చేతులూ గుండెలకి అదుముకుని, నోరు కొంచెం తెరిచి, ఆ ఎత్తిన చెయ్యినే చూస్తోంది. పెళ్ళిచూపుల నాడు గానీ, ఆ తర్వాత ఏనాడు గానీ తన వైపు ఆ చూపు చూడలేదు. నా బొటనవేలు మీద కూడా ఇదే ఆట నడుస్తోందే, ఒక్కసారి ఇటు చూడవే అనుకున్నాడు. చూడలేదు. హాలంతా ఒక్కసారిగా గోల లేచింది. ఉలిక్కిపడి మీట నొక్కాడు.

అప్పటికే నీలం జట్టువాడు బంతి అందుకోవటమూ, గిర్రున తిరగటమూ, ఒకసారి నేలకి కొట్టటమూ అయిపోయి పైకి ఎగురుతున్నాడు. బంతి చెయ్యి వదిలి గాల్లో ఉండగా బజర్ మోగింది. బజర్ కంటే ముందు చెయ్యి వదిలిన బంతి తర్వాత పడ్డా చెల్లుతుంది. పడింది. నీలం జట్టువాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి గంతులేశారు.

తను నొక్కటం ఆలస్యమైందని గడియారానికి అర్థమైంది. తిరగటం, నేలకి కొట్టటం, ఎగరటం, ఇన్ని పనులు ఒక్క సెకన్లో పట్టవు. ఎర్రజట్టు కోచ్ బల్ల మీదికి దూకినంత పని చేశాడు. అతని వెనకే సెక్రటరీ, కళ్ళు కుర్చీ మీదే పెట్టుకుని వస్తున్నాడు. ఈలోపు తోడల్లుడు వచ్చి బల్ల ముందు నిలబడి గడియారం మొహంలోకి చూశాడు. చెప్పేస్తాడు, అయిపోయింది నా పని అనుకున్నాడు గడియారం.

తోడల్లుడు వెనక్కి తిరిగి, రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"బాస్కెట్ చెల్లదు. బంతి వదిలేసరికే టైమైపోయింది. బల్ల దగ్గర తప్పేం లేదు, నా చెయ్యి ఆలస్యంగా దిగింది. నా చెయ్యి చూసే ఆయన నొక్కుతాడు. తప్పు నాది."

గెలుపు చేతికొచ్చి పోయినవాళ్ళు ఊరుకుంటారా! సగం హాలు లేచి కూతలు మొదలెట్టింది. ముసలాడికి చెయ్యి కూడా కదలట్లేదు, ముందే పంపించాల్సింది అని ఒకడు అరిచాడు. కాగితం గ్లాసులు కోర్టులోకి వచ్చి పడ్డాయి. సెక్రటరీ జేబులో ఉపన్యాసం జేబులోనే ఉండిపోయింది. వీడ్కోలు షీల్డు తోడల్లుడి చేతిలో పెట్టి, రెండు ముక్కలు మాట్లాడి అయిందనిపించాడు.

ఈ మనిషిని ఒక్కసారైనా జనం ఛీ కొడితే చూడాలని గడియారం ఎంతగా కోరుకున్నాడో! తీరా కొడుతుంటే చెవుల్లో సీసం పోసినట్టుంది. లేచి చెప్పేద్దామని కుర్చీలోంచి సగం లేచాడు. సెక్రటరీ భుజం తట్టి, "నీదేం లేదులే, కూర్చో" అన్నాడు. కూర్చున్నాడు. భార్య బల్ల దగ్గరికి వచ్చి కళ్ళు తుడుచుకుంటూ, "తప్పు ఒప్పుకోటానికి ఎంత గుండె ఉండాలండీ" అంది. పుండు మీద కారం చల్లినట్టయింది. చివరికి తన తప్పు కూడా తనకి దక్కలేదు.

అది తట్టుకోలేకే బట్టలు మార్చుకునే గదికి వెళ్ళాడు. తోడల్లుడు అక్కడున్న బల్ల మీద గోడకి జారబడి కూర్చుని ఉన్నాడు. ఇతన్ని చూసి లేవలేదు. ఎప్పుడూ లేచేవాడు. పెద్ద ఉద్యోగం రాగానే పొగరెక్కిందనుకున్నాడు గడియారం.

"నా తప్పు నువ్వెందుకు నెత్తినేసుకున్నావు?"

"నీ కుర్చీ పోతుంది కదన్నయ్యా."

"పోతే పోతుంది. నిన్నడిగానా?"

తోడల్లుడు నవ్వీ నవ్వనట్టు నవ్వాడు.

"నీ కుర్చీ అంటే నాకెప్పుడూ కుళ్ళే తెలుసా? ఆ కొసకీ ఈ కొసకీ పరిగెడుతూ, నువ్వలా కూర్చుని ఉంటే చూసి ఏడ్చేవాణ్ణి."

గడియారానికి ఒళ్ళు మండిపోయింది. పోతూ పోతూ ఎగతాళి కూడానా!

"ఆ మాట ఇంకెవరికైనా చెప్పు, నవ్వుతారు" అన్నాడు.

తోడల్లుడు మాత్రం, నువ్వు పద, బట్టలు మార్చుకుని వస్తానన్నాడు. అప్పటికీ లేవలేదు.

కారు గుమ్మం ముందుకి వచ్చింది. అక్కచెల్లెళ్ళిద్దరూ పట్టుకుని ఏడుస్తుంటే గడియారం బల్ల మీద కొత్త గుడ్డని మడతలు పెడుతున్నాడు. సాపుగా ఉన్నదాన్నే విప్పి మళ్ళీ మడతపెట్టాడు. "అన్నయ్యేడీ?" అని బయట తోడల్లుడి గొంతు అడుగుతోంది. భార్య పిలిచింది. వస్తున్నానన్నాడు గానీ వెళ్ళలేదు. కారు తలుపు వేసిన చప్పుడైంది. గుమ్మంలోకి వచ్చేసరికి కారు మలుపు తిరుగుతోంది.

భార్యని ముందు ఇంటికి వెళ్ళమని చెప్పి, చీపురు తీసుకుని హాలంతా ఊడ్చాడు. కాగితం గ్లాసులన్నీ ఏరాడు. ఆఖర్న బట్టలు మార్చుకునే గది ఊడవటానికి వెళితే, తలుపు వెనక కొక్కేనికి మోకాలి పట్టీల జత ఒకటి తగిలించి ఉంది. మామూలు గుడ్డవి కాదు. రెండు పక్కలా ఇనపరేకులు, తోలు బెల్టులు ఉన్నవి. తెగినచోటల్లా నల్లదారంతో కుట్టీ కుట్టీ, కుట్టే మీద కుట్టు పడి దళసరెక్కాయి. లోపల అతికించిన దూది చెమటకీ నెత్తురుకీ గోధుమరంగుకి తిరిగింది. అవి ఎంతకాలం వాడితే అలా అవుతాయో చూడగానే తెలుస్తూనే ఉంది. ఇన్నేళ్ళూ తోడల్లుడు రిఫరీల పొడుగు ప్యాంటు కింద ఇవి బిగించుకుని పరిగెత్తాడన్నమాట.

గడియారం బల్ల మీద కూలబడ్డాడు. ఒక పట్టీని చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంది. ఎగతాళి కాదు, నిజంగానే చూసి ఏడ్చేవాడు. ఒక్కరోజైనా మూలగలేదు. ఇంట్లోవాళ్ళకి కూడా తెలియనిచ్చినట్టు లేదు. ఇంత నొప్పి అంత గుట్టుగా దాచుకోగలిగినందుక్కూడా గడియారానికి కుళ్ళు పుట్టింది. ఇదైనా నాకు చేతనయ్యేదా అనిపించింది.

"చెప్పి చావచ్చు కదరా" అన్నాడు పైకే.

ఇనపరేకులు సర్దుదామని చూశాడు, అవి తిన్నగా రాలేదు. తిరిగి కొక్కేనికి తగిలించి, లైటు ఆర్పబోయి ఆగాడు. పట్టీలు ఇంకా తడిగానే ఉన్నాయి, మోకాలి దగ్గర వంగినవి వంగినట్టే వేలాడుతున్నాయి.