లాటరీలో మాంసం పళ్లెం

శుక్రవారం సాయంత్రం కొట్లు కట్టేశాక ఊళ్లోని చిన్న వ్యాపారులంతా డోరీన్ బారులో చేరి, బీరు తాగుతూ జనాన్ని తిట్టుకోవడం ఆనవాయితీ. ఆ రోజు మాంసం కొట్టు నెవిల్, తన కొట్టు ఇక మూసేస్తున్నానని చెప్పాడు.

"గంట దూరం కారేసుకుపోయి సూపర్‌మార్కెట్లో కొంటారు గానీ, పక్కనున్నవాణ్ణి బతకనివ్వరు. సిగ్గులేని జనం," అని ఇనుప సామాన్ల క్లిఫ్ బల్ల గుద్దాడు.

నెవిల్‌కు ఆ మాట నచ్చింది. ఆ రౌండు బీరు అందరికీ తనే పోయించాడు.

అంతలో డోరీన్ లాటరీ చీటీ తీసింది. వారం వారం బహుమతి పళ్లెం నిండా మాంసమే. అది ఏళ్ల తరబడి నెవిల్ కొట్టునుంచే వచ్చేది. ఈ వారం మాత్రం, "నీ బాధల్లో నువ్వున్నావు, నేను చూసుకుంటాలే," అని ముందే చెప్పిందామె. జాలి పడిందనుకున్నాడు.

చీటీ నెవిల్‌కే తగిలింది. పళ్లెం మీద చుట్టిన ప్లాస్టిక్ కాగితానికి సూపర్‌మార్కెట్ ముద్ర ఉంది.

"ఏం చెయ్యను నెవిల్, నీ ధరలో సగానికే వచ్చింది," అంది డోరీన్, అతనివైపు చూడకుండా.

నెవిల్ పళ్లాన్ని బల్లమీద పెట్టి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"నీకొద్దంటే ఇలా తోసెయ్యరా," అన్నాడు క్లిఫ్. "రేపు మా పెరట్లో బార్బెక్యూ ఉంది. తెచ్చిన మాంసం చాలదేమోనని మా ఆవిడ గొడవ."

"నా కొట్టుకి రాలేదే. ఎక్కణ్ణించి తెచ్చావు?"

క్లిఫ్ గ్లాసులో మిగిలింది గటగటా తాగేశాడు. తర్వాత లేచి, "ఈ రౌండు నాది," అన్నాడు.