ఒక మనిషి వెడల్పు

రాయి వెచ్చగా ఉంది.

సెప్టెంబరు ఎండను పొద్దున్నుంచీ తాగిన రాయి. తేనె రంగు రాయి. ఎనిమిది వందల ఏళ్ల చర్చి గోడకు ఎడమ అరచెయ్యి ఆనించి నిలబడింది హెస్టర్. కుడి చెయ్యి పోస్టాఫీసు ఐవీ చేతిలో ఉంది.

ఏడాదికి ఒక్క ఆదివారం ఈ ఇంగ్లండు పల్లె, ఎల్మ్‌కోట్, ఊరు ఊరంతా చేతులు కలిపి తన చర్చిని కౌగిలించుకుంటుంది. వలయం పూర్తయ్యాక ఒకరు పక్కవాళ్ల చెయ్యి నొక్కుతారు. ఆ నొక్కు గోడ మలుపులన్నీ తిరిగి, బయలుదేరిన మనిషికే వచ్చి చేరాలి.

హెస్టర్ ఐదో ఏట నుంచి వస్తోంది. ఇప్పుడు డెబ్బై మూడు. గంటల గోపురం కింద ఈ చోటు ఆమెది.

పోయినేడు మనుషులు చాలలేదు. మిగిలిన ఖాళీలో ఇద్దరు చెరో కొస మఫ్లరు పట్టుకుని సరిపెట్టుకున్నారు. ఈ ఏడూ కలవకపోతే ఇక మానేద్దామని పాస్టరమ్మ మెల్లగా చెప్పింది. ఆవిడ ఏదైనా మెల్లగానే చెబుతుంది, కోసేసేటప్పుడు కూడా.

వారం రోజులు హెస్టర్ ఇల్లిల్లూ తిరిగింది. పాత సత్రం గదుల్లోని ముసలమ్మలు వచ్చారు. గడ్డికప్పు పబ్బుకి తాళం వేసి రోజర్ వచ్చాడు. పాత ధాన్యపు కొట్టును ఇల్లుగా మార్చుకుని కొత్తగా కాపురం పెట్టిన లండన్ జంట కూడా వచ్చింది.

ఒక్క గుమ్మం మాత్రం ఆమె ఎక్కలేదు.

ఇప్పుడు ఖాళీ... ఒక మనిషి వెడల్పు. ఎడమ పక్క రోజర్ చెయ్యి చాపాడు. అందడం లేదు.

బాట అవతల పాత కమ్మరి కొలిమి, ఇప్పుడు ఇల్లు. దాని గుమ్మంలో క్లెమ్, టీ తాగుతూ. పదకొండేళ్లుగా ఇలాగే చూస్తున్నాడు. ఊరి పోటీలో రుచి చూసి తీర్పు చెప్పిన హెస్టర్, అతని ప్లమ్ పళ్ల జామ్‌కి రెండో బహుమతి ఇచ్చిన రోజు నుంచీ. ఈ ఊళ్లో అది చిన్న విషయం కాదు.

హెస్టర్ గొంతు సవరించుకుంది. అందరూ వింటారు. విననీ.

"ఆ ఏడు నాకు జలుబు, క్లెమ్. ముక్కు దిబ్బడ. రుచే తెలీలేదు. తెలిసినట్టు నటించా."



క్లెమ్ కప్పు కింద పెట్టాడు. తల వంచి బయటికొచ్చాడు — ఆ వాకిట్లోంచి తల వంచకుండా ఎవరూ రాలేరు. అతని పరువు అలా దక్కింది.

ఖాళీలో నిలబడ్డాడు. ముఖం గోడవైపే.

"తగ్గడానికి పదకొండేళ్లు పట్టిందన్నమాట."

"మొండి జలుబు," అంది హెస్టర్.

చెయ్యి ఇచ్చాడు.

ఆమె నొక్కింది.

నొక్కు వెళ్లింది... రోజర్ దగ్గరికి, ముసలమ్మల దగ్గరికి, మలుపు తిరిగి, సమాధి రాళ్ల పక్కగా, లండన్ జంటను దాటి... కనబడదు. ఎంతసేపో. ఎంతసేపో.

కుడి చెయ్యి — ఐవీ నొక్కింది.

అవతల ఎక్కడో ఎవరో నవ్వారు. ఆ నవ్వు చర్చి చుట్టూ తిరిగి వచ్చింది. హెస్టర్‌కి సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇక చేతులు వదలాలి. అదే ఆచారం. అందరూ వదిలేశారు.

ఇద్దరు తప్ప.

"ఈ ఏటి జామ్ ఇంట్లో ఉంది," అన్నాడు క్లెమ్, గోడతో చెబుతున్నట్టు.

హెస్టర్ అతని చెయ్యి ఇంకోసారి నొక్కింది. ఎడమ అరచెయ్యి వెచ్చగా ఉంది... ఇందాకటి రాయిలాగే.