యర్రమ్మ బొమ్మకు పెట్టిన చుక్కలు

ఆ ఉదయం ఆకాశం కాఫీ తోటల మీదికి దిగి కూర్చుంది. ఎండ కొండ వెనకే తచ్చాడుతోంది. సుజానా టీచరు యర్రమ్మ గుమ్మం ఎక్కేసరికి చీర కుచ్చిళ్ళు మంచుకు తడిసి ముద్దయ్యాయి.

ఫ్రాన్సు నుంచి మిషన్‌కు వచ్చిన సన్యాసిని అమ్మగార్లు ఈ కొండల్లో వదిలి వెళ్ళిన పాత బిస్క్ పింగాణీ బొమ్మల్ని సుజానా ఇరవై ఏళ్ళుగా ఏరుకుంటోంది. ఇంట్లో ఐదున్నాయి. యర్రమ్మ తెచ్చి ముందు పెట్టిన ఇలాంటిది మాత్రం లేదు. ఎవరో నిజం పిల్లను ఎదుట కూర్చోబెట్టుకుని తీర్చిన ముఖం ఇది. మెరుపులేని పింగాణీ, పసిబుగ్గలా ఉంది. ఆ ముఖం నిండా మసి చుక్కలు.

"తొమ్మిదేళ్ళప్పుడు నాకు పచ్చబొట్లు పొడిసినారు," అంది యర్రమ్మ. "నా ఏడుపు తగ్గినాక మిషన్లో అమ్మగారి కాడున్న దీన్ని సూసి జాలేసింది. మొకాన పచ్చనేని గుంటని సచ్చినాక పైనున్న మావోళ్ళు ఆనవాలు పడతారేటి? మసి నూరి నానే పెట్టీసినాను. అమ్మగారు తిట్టనేదు. బొమ్మని నా సేతిలో ఎట్టీసి, లోపలికెల్లి తలుపేసుకుంది. అరవై ఏళ్ళు దాటినా ఆ తలుపు సప్పుడు నా సెవిలోంచి పోనేదు. సుబ్బరం సేసి నువ్వే పట్టుకెల్లిపో, పంతులమ్మా."

సుజానా బొమ్మను ఒళ్ళోకి తీసుకుంది. సంచీలోంచి దూది తీసి నాలుక మీద తడిపింది.

"ఓలమ్మో, ఉమ్మేటి! బళ్ళో పిల్లలకీ ఇదే నేర్పుతన్నావా?"

"పాత పింగాణీకి ఇదే మందు మామ్మా. సబ్బెడితే బుగ్గల రంగు పోతాది."

గడ్డం మీది చుక్కతో మొదలుపెట్టింది. నాలుగు దూదులు నల్లబడ్డాక అది పోయింది. యర్రమ్మ బొమ్మను ఒళ్ళోకి లాక్కుని వెలుగుకేసి తిప్పింది. చాలాసేపు చూసింది. ఆమె వేలు తన గడ్డం మీది పచ్చను తడుముకుంది.

"ఇదెవుర్తి?" అంది చిన్నగా.

సుజానా ఆ రెండు ముఖాలనూ మార్చి మార్చి చూసింది. కనుబొమల మధ్య, బుగ్గల మీద, యర్రమ్మకు ఉన్న చోటనే బొమ్మకూ ఉన్నాయి మిగిలిన చుక్కలన్నీ. ఇంకో గంట పని. ఆ తర్వాత బొమ్మ తనది.

లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. కుండ అడుగు గోకి, మసిలో ఆముదం చుక్క కలిపింది. పాత బొమ్మ మీద కొత్త మరక పడకుండా ఇన్నేళ్ళూ కాచుకున్న చెయ్యే చీపురుపుల్ల అందుకుంది. దాని కొసతో బొమ్మ గడ్డం మీద చుక్క పెట్టేసింది.

"వంకరయ్యిందేటి మామ్మా?"

"కుసింత. నాదీ వంకరే."

యర్రమ్మ బొమ్మను గూట్లో కూర్చోబెట్టి, రెండు గిన్నెల్లో రాగులతో కాచిన చోడంబలి పోసింది. నడుమ ఎండుచేప, పచ్చిమిరపకాయలు పెట్టింది. వేలి మసి కడుక్కోకుండానే సుజానా గిన్నె అందుకుంది. ఇద్దరూ మిరపకాయ కొరుక్కుంటూ తాగారు.