తొమ్మిదో గది పొయ్యి

ఉస్తీన్య మోకాళ్ల మీద కూర్చుని తొమ్మిదో గది పొయ్యిలో బూడిద గీకుతోంది. అది గోడలో కలిసిపోయి, పైకప్పు దాకా లేచిన తెల్లటి ఇటుకల పొయ్యి. ఆ భవనంలో అలాంటివి పద్నాలుగున్నాయి. తెల్లవారుజామున కట్టెలు పేర్చి, అవి నిప్పులై నీలిమంట పూర్తిగా ఆరాక, పొగగొట్టానికి ఇనుపమూత వేయాలి. ముందు వేస్తే విషపుగాలి గదిలోకి తన్నుకొచ్చి మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. ఆలస్యంగా వేస్తే వేడంతా సైబీరియాలోని చీతా ఊరి ఆకాశానికి పోతుంది. ముప్పై ఏళ్లుగా ఆమె వెలిగించిన గదుల్లో ఒక్కరికి తలనొప్పి కూడా వచ్చింది లేదు. ఆమె గొప్పగా చెప్పుకునే మాట అదొక్కటే.

ఆమె పొట్టి మనిషి. గీతల్లో బొగ్గు ఇంకిపోయిన అరచేతులు, ఒక పక్క కనుబొమ మంటకి కాలిపోయి మళ్లీ మొలవని ముఖం. ఎవరూ రెండోసారి చూడరు. ఈ రెండేళ్లూ ఆమెకి కావలసింది కూడా అదే.

పొయ్యి అరుగు మీద, తలకిందులుగా, ఒక జత ఉన్ని బూట్లు ఆరుతున్నాయి. అవి ఆ గదిలో అడవుల పటాలు గీసే కోర్యాగిన్‌వి. పొద్దున్నే మంచులో నడిచి రాగానే విప్పి ఆమె చేతికిస్తాడు, ఆరబెట్టమని. చలికాలమంతా ఆమె రోజూ ఆరబెడుతుంది. ఆరాక, కుడి బూటులో ఒక దేవదారు గింజ తొక్క వేస్తుంది. రోజుకొక్కటి. గంటకోసారి అతను కాలు దులుపుకుంటూ తిట్టుకుంటుంటే ఆమెకి ఆ పూట కాస్త అన్నం సయిస్తుంది.

ఆ బూట్లకి అడుగు కుట్టింది ఆమె. మేకతోలు, రెండు వరసల మైనపు దారం, మడమ దగ్గర వంకర తిరిగిన మూడు కుట్లు. ఆ వంకర ఇంకెవరి చేతికీ రాదు. కొడుకు ప్రోహర్ రైలు డిపోలో పనివాడు. వాడి అరికాళ్లు లోపలికి తిరిగి ఉండేవి, లోపలి అంచు తొందరగా అరిగిపోయేది, అందుకని అక్కడ తోలు రెండు పొరలు వేసింది. వాడు వాటిని తొడుక్కున్నది పన్నెండు రోజులు. పదమూడో రోజు, అప్పట్లో ఊరినేలిన ఆటమాన్ అనే సేనాని సైనికులు డిపో మీద పడి, తొమ్మిది మందిని ఉక్కు తొడుగు రైలుబండి ఎక్కించుకుపోయారు. వాళ్లలో ఎవరూ తిరిగి రాలేదు.

ఆ చలికాలం గడిచింది. ఆటమాన్ పారిపోయాడు. ఊళ్లో కొత్త రాజ్యం వెలిసింది. దానికో జెండా, తపాలా బిళ్లలు, మంత్రులు, ఓట్లు, ముసలివాళ్లకి కూడా రాత్రిబడి. ఉస్తీన్యకి ఆ రాజ్యపు కార్యాలయంలో పొయ్యిల పని దొరికింది. చేరిన తొమ్మిదో రోజున ఆ బూట్లు నడిచి వచ్చి ఆమె చేతిలో పడ్డాయి.

ఆమె అరవలేదు. కట్టెల గంప దించి, సరాసరి కార్యదర్శి ద్యుకోవ్ గదికి వెళ్లి అంతా చెప్పింది. ఆయన మంచివాడే. కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"అమ్మా, నీ మాట అబద్ధమని నేననను. కానీ మన రాజ్యం ఎందుకు పుట్టిందో తెలుసా? అటు మాస్కో, ఇటు జపాను. రెండు బళ్లు గుద్దుకోకుండా మధ్యలో పెట్టిన గడ్డిమోపు మనం. గడ్డిమోపులో సూదులుండకూడదు. ఆయుధం దించినవాళ్లందరినీ సభ క్షమించింది. అతని దగ్గర ఆ కాగితం ఉంది. నువ్వు అతన్ని ముట్టుకుంటే రేపు ఇంకొకడు ఇంకొకణ్ని ముట్టుకుంటాడు."

"అయితే నా కొడుకు?"

ద్యుకోవ్ కలం అందుకున్నాడు. ఒక కాగితం రాసి ముందుకు తోశాడు. ఈ రాజ్యం ఉన్నంతకాలం పగ తీర్చుకోనని మాట. ఆమెకి అప్పటికి చదువు రాదు.

"మొదటి మాటలు మళ్లీ చదవండి బాబూ," అంది ఉస్తీన్య.

"ఈ రాజ్యం ఉన్నంతకాలం."

"ఇంకోసారి."

ఆయన చదివాడు. ఆమె సంతకం చోట శిలువ గుర్తు పెట్టింది. మాటంటే మాటే. ఆనాటి నుంచి ఆ ఊళ్లో ఆ రాజ్యం బతుకుని ఆమెలా కనిపెట్టుకుని కూర్చున్నవాళ్లు ఇంకొకరు లేరు. మంత్రులకి కూడా అంత శ్రద్ధ లేదు. జపాను ఓడలు కదిలాయా, మాస్కో ఏమంది, అన్నీ కావాలి. రాత్రిబడికి వెళ్లి అక్షరాలు నేర్చుకుంది, గోడ మీద పత్రిక చదవడానికి. జబ్బుపడ్డ శత్రువు గుమ్మం ముందు కూర్చున్నట్టు కూర్చుంది.

ఇవాళ నవంబరు పద్నాలుగు. రాజ్యం ఉండాలా వద్దా అని సభ తేల్చే రోజు.

పొద్దుటి నుంచి గుమాస్తాలు చేతినిండా కాగితాలు తెచ్చి పొయ్యిల్లో వేస్తున్నారు. నిన్నటిదాకా ముద్రలు వేసి దాచినవి ఇవాళ కట్టెల కింద చిత్తు. మధ్యాహ్నం ఆమె నడవాలో ఉప్పు కలిపిన పాల టీలో రొట్టె ముంచుకుని తింటుంటే కాపలాదారు నజార్ మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చాడు.

"అయిపోయింది వదినా! చేతులెత్తేశారు. రాజ్యం లేదు, గీజ్యం లేదు. ఇక మాస్కోలో కలిసిపోయాం."

"పూర్తిగా అయిపోయిందా? మధ్యలో ఆగలేదు గదా?"

"నీకెందుకే అంత? జెండా కూడా దించుతున్నారు."

ఆమె కప్పు కింద పెట్టి, కిటికీ దగ్గరకెళ్లి చూసింది. ఒక సైనికుడు బిగుసుకుపోయిన జెండాతాడుని పళ్లతో విప్పుతున్నాడు. జెండా కిందకి వచ్చేదాకా నిలబడింది. ఆ తరవాత కట్టెల గదికి వెళ్లి, అన్నిటికన్నా ఎండిన భూర్జ దుంగలు ఏరుకుంది.

మూడు దాటాక కోర్యాగిన్ వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు, వోద్కా వాసన కొడుతున్నాడు. రెండు పెట్టెలు సర్ది తాళ్లతో కట్టి ఉంచాడు. కొత్త దొరలు ఈ క్షమాపణ కాగితాన్ని మన్నిస్తారని అతనికి నమ్మకం లేదు. ఏడింటి బండికి సరిహద్దు దాటి మంచూరియా వెళ్లిపోతున్నాడు.

"ముసలమ్మా, దండిగా వేడి చెయ్యి. ఆరింటికి లేపు. ఇవి బాగా ఆరాలి, దార్లో గడ్డకట్టి చస్తాను." బూట్లు విప్పి ఇచ్చాడు.

ఉస్తీన్య వాటిని రెండు చేతులా పట్టుకుంది. రెండేళ్లలో ఒక్కసారి కూడా అడగని మాట అడిగింది.

"కుట్టు బాగుందయ్యా. ఎక్కడివి?"

అతను సోఫా మీద వాలి నవ్వాడు. "ఓ డిపో కుర్రాడివి. మంచులో వరసగా నిలబెట్టాం, వాడికింక వీటితో ఏం పని? వాడే విప్పాడు. విప్పి, రెండూ జోడుగా ఓ పక్కన పెట్టాడు. పారేస్తే అమ్మ తిడుతుందిట! అదొక్కటే గుర్తుంది నాకు, మొహం కూడా గుర్తులేదు." జేబు తట్టుకున్నాడు. "అదంతా పాతమాట. క్షమించేశారు, కాగితముంది."

"ఎవరు క్షమించారయ్యా?"

"ఎవరేమిటి? రాజ్యం."

"ఏ రాజ్యం?"

కోర్యాగిన్ కళ్లు మూసుకునే ఫక్కున నవ్వాడు. "నిజమేనే ముసలీ, అదే ఇవాళ పోయింది గదా!"

ఆ నవ్వు మీదే నిద్రపోయాడు.

ఆమె బూట్లని అరుగు మీద బోర్లించింది. ఇవాళ తొక్క వేయలేదు. పొయ్యి ముందు కూర్చుని చూసింది. దుంగలు కూలి నిప్పులయ్యాయి. వాటి మీద నీలిమంట చిన్న చిన్న నాలికలుగా ఆడుతోంది. ఇంకా అరగంట ఆగాలి. ముప్పై ఏళ్లుగా ఆమె చెయ్యి ఆ అరగంట ఆగుతూనే వచ్చింది. ఇప్పుడు కూడా ఇనుపమూత దాకా వెళ్లి దానంతట అదే ఆగింది. చెయ్యి మీద ఆమెకి కోపం వచ్చింది. 'పారేస్తే అమ్మ తిడుతుంది.' ఎప్పుడు తిట్టింది వాణ్ని? తిట్టింది, తిట్టింది. ఒక జత పోగొట్టుకున్నందుకు వారం రోజులు తిట్టింది. ఆ తిట్టు భయంతోనే వాడు చావబోతూ కూడా బూట్లు సర్దిపెట్టాడు. ఎవరి కోసం? వీడి కోసం.

మూత వేసింది. ఇనుము ఇటుకలకి తగిలి చిన్న చప్పుడయింది. కిటికీల సందుల్లోంచి చలి రాకుండా శరదృతువులోనే తను పత్తి కూరి, కాగితం అంటించింది. తలుపు దగ్గరకి వేసి, దాని కింది సందుని తన శాలువాతో మూసి, నడవాలో ముక్కాలిపీట మీద కూర్చుంది.

ఊళ్లో బ్యాండు వాయిస్తున్నారు. చీకటి పడింది. ఆరింటికి నజార్ లాంతరు పట్టుకుని వచ్చాడు.

"కోర్యాగిన్ గారిని ఆరింటికి లేపాలట గదా?"

"నేను లేపుతాలే. నువ్వెళ్లి బ్యాండు చూడు."

"రావా?"

"నాకు పనుంది నజారూ."

ఏడింటికి మంచూరియా బండి కూత వినిపించింది. అది ఊరు దాటి, వంతెన దాటి, పూర్తిగా వినపడకుండా పోయేదాకా ఆమె కదల్లేదు. అప్పుడు శాలువా తీసి, ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్లి, కిటికీ పైభాగంలోని చిన్న గాలికిటికీ తెరిచి బయటికి వచ్చేసింది. చాలాసేపు ఆగి, నజార్ వదిలిపోయిన లాంతరు పట్టుకుని మళ్లీ వెళ్లింది.

కోర్యాగిన్ పక్కకి తిరిగి పడుకున్నాడు, ఊపిరి లేదు. విషపుగాలికి బుగ్గలు పసిపిల్లాడివిలా ఎర్రబడి ఉన్నాయి. కాళ్లకి ఏమీ లేదు, ఉత్త పాదాలు. ఆ పాదాలనే ఆమె తనివితీరా చూసింది. వేళ్లు ముడుచుకుని ఉన్నాయి. కొడుకువి కూడా ఇలాగే ముడుచుకుని ఉండుంటాయి, మంచులో. "చాలు," అంది పైకే. ఇంకా ఏదో కలుగుతుందని ఆగింది. ఏమీ కలగలేదు, ఒక్క చలి తప్ప.

బూట్లు తీసుకుపోదామని అరుగు మీద చెయ్యి చాపింది. రెండేళ్లుగా రోజూ ముఖం తిప్పుకుని తడిమి పెట్టేదే గాని, ఆ మొదటి రోజు తరవాత వాటి అడుగు ఎప్పుడూ చూసుకోలేదు, చూడ్డానికి మనసొప్పలేదు. ఇవాళ లాంతరు దగ్గర తిప్పి చూసింది. తను రెండు పొరలు వేసిన లోపలి అంచు కొత్తగా ఉన్నట్టే ఉంది, గీత పడలేదు. అరిగింది బయటి అంచు. మడమ బయటి పక్కకి ఒరిగిపోయింది, ముక్కు బయటికి తిరిగిపోయింది. వంకర కుట్లు మూడిట్లో ఒక్కటే మిగిలింది. మూడు చలికాలాలు నడిచి, ఆ బూట్లని కోర్యాగిన్ తన కాళ్లకి మలుచుకున్నాడు. పన్నెండు రోజుల ప్రోహర్ వాటిలో ఎక్కడా లేడు.

ఉస్తీన్య వాటిని మళ్లీ అరుగు మీద పెట్టేసింది. గంప ఎత్తుకుని మెట్లు దిగి, జెండా లేని ఉత్త స్తంభం పక్కనుంచి ఇంటిదారి పట్టింది. ఆమెని ఎవరూ ఆపలేదు.

తొమ్మిదో గదిలో, తెరిచిన గాలికిటికీలోంచి సన్నగా మంచు పడుతోంది. చల్లారుతున్న పొయ్యి అరుగు మీద బూట్లు రెండూ జోడుగా, ముక్కులు చెరో పక్కకి తిరిగి, పొడిగా ఆరి ఉన్నాయి.