రిజిస్టర్లో ‘మత్తు’

బెంచీ మీద కూర్చుంటే కన్ను మూతపడుతుంది. అందుకే ఆఫీసు వరండాలో తిరుపతి ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతూనే ఉన్నాడు. పాల్వంచ అవతల ఓ చిన్న ఫ్యాక్టరీలో బొగ్గు మోసే బెల్టుకు పన్నెండేళ్లుగా అతనే ఆపరేటరు. పోయిన మంగళవారం పట్టపగలు స్విచ్చు ముందే కుప్పకూలాడు. షిఫ్టు ఇన్‌చార్జి రిజిస్టర్లో ‘మత్తులో పడిపోయెను’ అని రాశాడు. నిద్రమత్తు అని ఆయన ఉద్దేశమట. చదివిన పైవాళ్లకు మాత్రం సారా వాసన కొట్టింది. ఇవాళ విచారణ.

జేబులో ఖమ్మం డాక్టరమ్మ అరుణశ్రీ ఇచ్చిన చీటీ ఉంది. ఆమె మాటలు చెవిలోనే ఉన్నాయి.

"మెదడుల ఒరెక్సిన్లని రెండు చిన్న ప్రోటీన్లుంటయి. ఒకే పెద్ద ముక్క తెగి పుట్టిన అక్కాచెల్లెళ్లు. రెండూ కలిసి మనిషిని మెలకువల నిలబెడతయి. మీకు వాటిని చేసే కణాలే ఎండిపోయినయి. అందుకే కూసుంటే నిద్ర, నవ్వితే మోకాళ్లు జారుడు. మందులతో తగ్గుతది గాని పోదు. మెషీన్ల కాడ ఉండొద్దు."

ఆ చివరి మాటే ముల్లులా గుచ్చుతోంది.

బెల్టు పక్కన రాలిన బొగ్గు ఎత్తే జానీ, చాయ్ గ్లాసుతో వచ్చాడు. "అరె భాయ్, చీటీ జేబులనే ఉండనియ్. తాగిన, ఇంకోసారి తాగను అని రాసియ్. వారం ఇంట్ల కూసోబెడతరు, మల్ల నీ బెల్టు నీకే. రోగమంటే జన్మల స్విచ్చు ముట్టనియ్యరు."

"నేను చుక్క ముట్టనోన్ని గదరా."

"అందుకే జల్దీ నమ్ముతరు! అలవాటున్నోడు గట్ల పడతడా?"

తిరుపతికి నవ్వు పొంగింది. అంతే, మోకాళ్లు జారిపోయాయి. జానీ చటుక్కున పట్టుకున్నాడు, చాయ్ ఒలికి చెయ్యి కాలింది. తిరుపతికి అన్నీ వినిపిస్తున్నాయి, నాలుకే కదలదు. ఎదురుగా ఎర్రబడిన జానీ చెయ్యి. రేపు ఆ చెయ్యి బెల్టులో ఇరుక్కుంటే ఆపాల్సింది తనే.

కాళ్లకు పట్టు రాగానే లోపలికి వెళ్లాడు.

"ఏంది తిరుపతీ, తాగినవా?" అన్నాడు ఆఫీసరు వెంకటనారాయణ.

"లేదు సార్. రోగం." చీటీ బల్ల మీద పెట్టాడు. "నన్ను బెల్టు పని నుంచి తియ్యున్రి."

ఆయన రెండుసార్లు చదివాడు. "మరి నిన్నెక్కడెయ్యాలయ్యా? గేటు కాడ కుర్చీల కూసుంటవా?"

"కుర్చీ ఒద్దు సార్. కూసుంటే పండుకుంట."

ఆఫీసరు పకపకా నవ్వాడు. తిరుపతి మాత్రం రెండు చేతులా బల్ల అంచు పట్టుకుని, నవ్వకుండా పళ్లు బిగించి నిలబడ్డాడు.