శనివారం నాటి క్షమాపణ

వేరుశనగ విత్తనం ఏరేటప్పుడు వనజ నున్నగా కనిపించిన గింజనే రెండోసారి తిప్పి చూస్తుంది. "పోలీసోళ్లకు గూడ గింత అనుమానముండదు," అంటుంది అత్త బాలనాగమ్మ, అది మెప్పో దెప్పో తేలనివ్వకుండా.

వనపర్తిలోని ఆ ఇంట్లో, గిన్నెలు బోర్లించాక ఆమె చేసే రెండో పనీ ఏరడమే. ఎవరెవరో రాసిన ప్రోగ్రాములను తెచ్చి, లోపల ఏమున్నదో చదివి, లినక్స్ అనే ఉచిత వ్యవస్థ వాడేవారి కంప్యూటర్లలో కుదురుకునేలా ప్యాకేజీలుగా కట్టి ఉంచే స్వచ్ఛంద బృందంలో ఆమె ఒకతె. ఆమె చేతిలో ఉన్నది తెలుగు రాతను పైకి చదివి వినిపించే ప్రోగ్రాము. చూపు లేనివారికి అదే ఆధారం. "ఊకె చేసే పనికి గింత పరేషాన్ ఎందుకు?" అని భర్త భానుప్రకాశ్ ఎన్నోసార్లు అన్నాడు. ఇంట్లో తాను చేసేదంతా ఊరికే చేసే పనే కదా, దాన్నెవరూ మానమనరేమని ఆమె అన్నిసార్లూ మనసులోనే అనుకున్నది.

కొన్ని నెలలుగా చైతన్య అనే పేరుతో ఎవరో ఆమెకు రాస్తున్నారు. ముఖం తెలియదు, ఊరు తెలియదు. మొదట చిన్న తప్పులు దిద్ది పంపిన ఆ మనిషికి తర్వాత ఆమె అలసట మీద జాలి కలిగింది. 'మీకు తీరిక ఉండదు. ప్యాకేజీ నాకు అప్పగించి విశ్రాంతి తీసుకోండి.' ప్యాకేజీ ఎవరి చేతిలో ఉంటే, అది నడిచే ప్రతి కంప్యూటరులోకీ వారికి దారి ఉన్నట్టే. ఆమె ఇవ్వలేదు. ఆ జాలి ఆమెకు కొత్త కాదు. నాగర్‌కర్నూల్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు ఉద్యోగం మాన్పించిన రోజున భానుప్రకాశ్ కూడా ఇట్లాగే, "బస్సుల తిరుగుడు నీకెందుకు, జర సుఖపడు," అన్నాడు. ఆమె సుఖపడడం మొదలైన నెలలోనే ఇంట్లో పనిమనిషిని మాన్పించారు.

సోమవారం గద్వాల నుంచి ఖైరున్నిసా ఫోన్ చేసింది. చూపులేని టీచరు. ప్యాకేజీలో ఏ మార్పు చేసినా మొదట విని తప్పులు చెప్పేది ఆమే.

"వనజక్కా, ఒదిలేస్తున్నవా? చైతన్యకు ఇచ్చేస్తున్న అని గ్రూపుల రాసినవ్ గద!"

"నేనా? ఎప్పుడు?"

"శనివారం. మిషన్ చదివితే ఇన్న. 'క్షమించండి, కుటుంబ బాధ్యతల వల్ల' అని షురూ అయింది. క్షమించండి అని నువ్వెన్నడు రాసినవక్కా? తప్పు నీదైనా 'సరిచేస్త' అంటవ్, గంతే. గందుకే అనుమానమొచ్చింది."

చైతన్యే తన ఖాతాలోకి చొరబడ్డాడని వనజ భయపడింది. తన శంక నిజమైందన్న తృప్తి కూడా ఆ భయంలో కొంత ఉన్నది. రెండు రోజులుగా తెరవని గ్రూపులోకి పోయి సందేశం జాడ తీసింది. అది శనివారం పొద్దున ఈ ఇంట్లోని ఈ కంప్యూటరు నుంచే వెళ్లింది. ఆ పూట ఆమె అత్తను తీసుకొని బీచుపల్లి ఆంజనేయుడి దర్శనానికి పోయింది. "నాకు పనున్నది, మీరు పోయిరాండ్రి," అని ఇంట్లో ఆగినవాడు భానుప్రకాశ్ ఒక్కడే.

సాయంత్రం అతను చెప్పులు విడుస్తుండగానే అడిగింది.

"శనివారం నా కంప్యూటర్ మీద కూసున్నవా?"

"కూసున్న. అయితేంది? నీ మంచికే రాసిన. వాడు రోజు మెయిల్ వెడుతుండు, నువ్వు జవాబులిస్తున్నవ్. ఎవడో ఏందో తెల్వదు. గా ప్యాకేజీ వాని ముఖాన కొడితే మల్ల మాటలుండవు గద!"

"ఎవడో తెల్వదనే నేను ఇయ్యలే. ఎవడో తెల్వదనే నువ్వు ఇచ్చినవ్."

"జర మెల్లగ," అన్నది బాలనాగమ్మ లోపలి నుంచి. "మొగోడు, ఏదో చేసిండు తీయ్."

ఏ పరాయివాడితో భార్య మాట్లాడుతుందని అనుమానించాడో, ఆ పరాయివాడికే వేల ఇళ్ల తాళంచెవి ఇవ్వబోయాడు. వనజను కలచింది అది కాదు. ఆమె రాసినట్టే రాయాలని కూర్చున్నప్పుడు అతనికి మొదట తోచిన మాట క్షమాపణ. ఇన్నేళ్లూ అతను ఎరిగిన వనజ ఆ మాటతోనే మొదలవుతుంది. ఆ వనజను ఈ ఇంట్లో రోజూ అతనికి వినిపించింది ఎవరు? తానే కదా.

బృందం నియమం ప్రకారం డిజిటల్ సంతకం లేని అప్పగింత చెల్లదు. అందుకే చైతన్య చేతికి ఇంకా ఏదీ పోలేదు. ఆ సంతకానికి ఒక రహస్య వాక్యం కావాలి. కంప్యూటరు తెరిచే పాస్‌వర్డ్ పెళ్లైన కొత్తలోనే భర్తకు చెప్పింది. ఈ వాక్యం ఎన్నడూ చెప్పలేదు. చెప్పడం మరిచిపోయానని ఇన్నాళ్లూ అనుకున్నది. ఇప్పుడు ఆ మరపును కూడా గింజలా తిప్పి చూసింది. అది మరపు కాదు.

కంప్యూటరు ముందు కూర్చొని రాసింది: 'శనివారం నాటి సందేశం నాది కాదు. ఈ ప్యాకేజీని నేను వదలడం లేదు. చైతన్య పంపిన మార్పులన్నీ మొదటి నుంచి మళ్లీ చదువుతాను.' కింద సంతకం చేసి పంపింది.

భానుప్రకాశ్ ఆమె భుజం మీదుగా అంతా చదివాడు. "అంటే నామీద గూడ అనుమానమేనా నీకు?"

వనజ వెనక్కి తిరగలేదు.

"జర అటు తిరుగు," అన్నది. "పాస్‌వర్డ్ మారుస్తున్న."