బకెట్టు నిండితే సరిపోదు

మా పాప తాతయ్య గుండె మీద నిద్రపోతున్నప్పుడు ఆ గుండె ఆగిపోతుందేమోనని నా భయం. దీన్ని మించిన భయం నాకు ఇంకోటి లేదు.

ఆ తాతయ్య, అంటే మా మామయ్య, చేతిపంపులు బాగుచేస్తారు. నలభై ఏళ్లుగా అదే పని. బిగించడం అయ్యాక కింద బకెట్టు పెట్టి ఇరవైసార్లు కొడతారు. నిండితే పానాలు సంచిలో వేసేస్తారు. "నీళ్లు పోస్తోందంటే పంపుకి ఏ రోగమూ లేనట్టే" అంటారు.

మెట్లెక్కితే ఆయాసపడుతున్నారని మా ఆయన బతిమాలి ఆసుపత్రికి తీసుకెళ్లారు. స్కాన్ తీసిన అమ్మాయి "గుండె పంపింగ్ బాగానే ఉంది, డాక్టరుగారికి చూపించండి" అందట. మొదటి ముక్క విని మామయ్య ఇంటికొచ్చేశారు.

"బకెట్టు నిండిందమ్మాయ్, ఇంక నన్ను విప్పొద్దు" అని నవ్వారు.

నేను ఎనిమిదితో బడి మానేసినదాన్ని. గుండె సంగతి నాకేం తెలుసు? కానీ అన్నం తిన్నాక పాపను గుండె మీద వేసుకుని మంచం మీద వాలే మనిషి, కుర్చీలోనే కునుకు తీయడం మొదలుపెట్టారు. కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. మొన్న మధ్యాహ్నం పాప పేచీ పెడితే వెల్లకిలా పడుకున్నారు. రెండు నిమిషాలు కాలేదు, పాపను పక్కకు తోసేసి లేచి కూర్చున్నారు. నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంటున్నారు.

పాపను ఆయన ఏనాడూ తోయలేదు.

"పదండి మామయ్యా."

"నువ్వెప్పుడు డాక్టరమ్మవయ్యావే?"

"మీరెప్పుడయ్యారో అప్పుడే."

కుర్చీ సంగతి, చెప్పుల సంగతి డాక్టరుకి నేనే చెప్పాను. అది విని డాక్టరు స్కాన్ కాగితం మరోసారి చదివారు. "గుండె కండకీ రక్తం కావాలి పెద్దాయనా. మీకది సరిగ్గా అందడం లేదు. పిండడం పిండుతోంది. పిండాక వదులవ్వాలి కదా, అలా వదులవ్వడానికీ సత్తువ కావాలి. అది లేక బిగుసుకుపోతోంది, సరిగ్గా నిండడం లేదు. లోపలికి రావలసిన రక్తం వెనక్కి ఊపిరితిత్తుల్లో నిలిచిపోతోంది. పడుకుంటే ఆయాసం అందుకే."

"నేను పోసేదే చూశాను బాబూ," అన్నారు మామయ్య. "తోడుకునేది చూడలేదు."

ఒంట్లో నీరు తీయడానికి మందులిచ్చారు. గుండెకి రక్తం అందించే నాళంలో అడ్డు ఉందట, వచ్చే వారం అది తీస్తారట. ఎలా జరుగుతుందో తెలియదు. నిన్న మంచం మీద ఒరిగి, గుండె మీద తట్టి పాపను పిలిచారు. నేను పాపను ఆయన పక్కన పడుకోబెట్టాను. ఆయన పాప చెయ్యి తీసి గుండె మీద పెట్టుకున్నారు.

చదివినవాళ్లు ఒక పని చేయండి. మీ ఇంట్లో మంచం ఉండగా కుర్చీలో కునుకు తీసే పెద్దవాళ్లుంటే వెళ్లి పక్కన కూర్చోండి. ఎందుకు పడుకోవడం లేదని అడగండి. బాగానే ఉన్నానంటారు. నమ్మకండి, కాళ్లు చూడండి. ఇప్పుడే వెళ్లండి.